వెనకచూపు

గుణుపురం బస్టాండు వెనక సందులో
అసిరయ్య పిండిమర.
బోర్డు మీద ఒడియా అక్షరాలు గొడుగులు పట్టుకు నిలబడితే
కింది వరసలో మన అక్షరాలు తలకట్లు దిద్దుకుంటున్నాయి.
పొద్దున్న తొమ్మిదికే లోపలంతా పొగమంచు.
మంచు కాదు, నిన్నటి బియ్యం.

గోనెసంచి మీద కూర్చుని పుస్తకం తెరిచాను.

బరంపురం ఐటీఐలో పాత్రో మాస్టారు
ముక్కుపొడి పీలుస్తూ చెప్పేవారు:
"ముందుచూపు, పైచూపు, పక్కచూపు.
మూడూ గీసినోడికి ఏ యంత్రమూ అబద్ధం చెప్పలేదురా."
ఆయన యంత్రాలన్నీ బల్ల మీద
బుద్ధిగా కూర్చునేవి.
ఇది కూర్చోదు.

గుమ్మంలోంచి చూస్తే
మోటారుకీ తిరగలి రాయికీ మధ్య బెల్టు
నిద్రపట్టక దొర్లుతున్న ఎనిమిది అంకె.
చక్రానికి అంచు లేదు, వణుకే ఉంది.
వణుకుని పెన్సిలుతో పట్టడం ఎలాగ?
నాలుగు గీతలు పక్కపక్కన వేసి
ఏదో ఒకటి నిజమవుతుందిలే అనుకున్నాను.

స్టూలెక్కాను.
గరాటులోకి చోళ్లు జారుతున్నాయి,
మధ్యలో చిన్న సుడి,
వంశధారలో దిగితే కాలి చుట్టూ తిరిగేలాంటిది.
పైనుంచి ఇది యంత్రం కాదు, ఒక నోరు.
పేజీ మీద పిండి పడింది. ఊదాను.
మళ్లీ పడింది.
ఊదడం మానేశాను.

నేల మీద బోర్లా పడుకుంటే వరసలో వాళ్లు నవ్వారు.
"మర కింద ఏటి పారేసుకున్నావు బాబూ?"
ఒక కాలు పొట్టిదైన ఇనప బల్ల,
ఆ కాలి కింద దోపిన లెక్కల పుస్తకం అట్ట,
గ్రీజు తాగి నల్లబడ్డ గుడ్డపీలిక,
డబ్బాల పక్కన ఎవరివో పగిలిన మడమలు,
పగుళ్లలో కొండ ఎర్రమట్టి.
ఇంత బరువూ ఆ అట్ట మోస్తోందని
పాత్రో మాస్టారికి తెలియదు.

చివరికి వెనక్కి దూరాను,
గోడకీ మోటారుకీ మధ్య మనిషి పట్టీ పట్టని జాగాలోకి.
వేడి. కాలిన రబ్బరు వాసన.
అక్కడే కుదిరింది బొమ్మ:
చక్రం, బెల్టు, తిరిగే వైపుకి ఒక బాణం గుర్తు.

కరెంటు పోయింది.

బెల్టు కాసేపు తనలో తాను గొణుక్కుని ఆగింది.
అప్పుడు చూశాను దాన్ని. ఎంత చిన్నది!
పదకొండు బోల్టులు,
పన్నెండోది ఉండాల్సిన చోట తీగ ముడి.
గీయడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు.
చెయ్యి లేవలేదు.
ఒకామె తన డబ్బా చక్రానికి ఆనించి
పిల్ల మెడ మీద చెమట తుడిచింది.

అసిరయ్య చేతులు లుంగీకి తుడుచుకుని
పుస్తకం అందుకున్నాడు.
వెనక వైపు బొమ్మ దగ్గర ఆగాడు.
"బాణం తప్పు బాబూ.
ముందునించి చూసిన తిరుగుడు
ఎనక్కొచ్చీసి అలాగే ఏసీసినావు.
ఇలగ తిరిగితే పిండి మళ్లీ చోళ్లయిపోద్ది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వి రబ్బరు తీశాను.

పుట్టాసింగి కొండల నుంచి వచ్చిన ముసలమ్మ నవ్వలేదు.
దగ్గరికి జరిగి,
సగం ఒడియాలో సగం సవరలో అడిగింది:
చోళ్లయ్యాక?

చోళ్లయ్యాక వెన్నులవుతాయి.
కొడవలి వెనక్కి నడుస్తుంది.
వాన నేలలోంచి లేచి మబ్బులోకి పోతుంది.
నువ్వు డబ్బా నెత్తిన పెట్టుకుని వెనకడుగులతో కొండెక్కుతావు,
అడుగుకో రోజు చిన్నదానివవుతూ...
ఇదేమీ నేను అనలేదు. నాకంత భాష రాదు.
బాణం చూపించి, వెనక్కి, వెనక్కి అని
చెయ్యి మాత్రం తిప్పాను.

ఆమెకి అర్థమైంది. చాలాసేపు చూసింది.
"అయితే పోడులో కలుపు
మళ్లీ నేనే తియ్యాలా?
వద్దు. చెరిపెయ్."

కరెంటు వచ్చింది. డబ్బాలు లేచాయి.
చెరిపాను.
పిండి పట్టిన కాగితం మీద రబ్బరు సరిగా ఆనలేదు.
ఇప్పుడక్కడ రెండు బాణాలున్నాయి,
ఒకటి కొంచెం పలచగా.